తప్పుకోవలసిన పడవ

1983 మే 15, ఆదివారం

సీజన్ మొదలైంది. క్లబ్బులో పదకొండు పడవలు, పదకొండుమంది మూర్ఖులు అని రాయబోయి ఆగాను. అందులో ఒక పడవ నాది. కనక పదిమంది.

ఈ ఒహాయో వాళ్ళు పుట్టినప్పటినుంచీ ఇదే చెరువులో తెరచాప పడవలు నడుపుతున్నారు. రూల్ బుక్కు మాత్రం ఒక్కడూ తెరిచినట్టు లేడు. నేను రెండు చలికాలాలు కూర్చుని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా బట్టీ పట్టాను. పదిహేనేళ్ళుగా బాయిలర్ల కోడ్ చదివి సంతకాలు పెడుతున్న మనిషికి ఇదొక లెక్కా. గాలి కుడిపక్క నుంచి తగులుతుంటే ఆ పడవ స్టార్‌బోర్డ్, దారి హక్కు దానిది. ఎడమపక్క నుంచి తగులుతుంటే పోర్ట్, అది తప్పుకోవాలి. హక్కున్నవాడు తిన్నగా పోవాలి, తప్పుకునేవాణ్ణి తికమక పెట్టకూడదు. ఇంతకన్నా ఏముంది? ఇరవై ఏళ్ళు బీరు తాగుతూ నడిపినా ఈ మూడు ముక్కలు వీళ్ళ తలకెక్కలేదు. పొద్దున కార్లో హైమకి మళ్ళీ చెప్పాను. నా పడవలో ముందు తెరచాప తాళ్ళు చూసేది తనే. ఊఁ కొడుతూ కొడుతూ నిద్రపోయింది.

క్లబ్ హౌస్‌లో చలిమంట గూడు పైన ఒక చెక్క బోర్డు ఉంది. 1931 నుంచి ఏ ఏడు ఎవరు గెలిచారో బంగారు రంగుతో రాసి ఉంటుంది. యాభై రెండు పేర్లు. మనలాంటి పేరు ఒక్కటీ లేదు. ఈ ఏడు నా పేరు ఎక్కాలి. ఇది డైరీ కాబట్టి రాస్తున్నాను. హైమతో అనలేదు, నవ్వుతుంది.

ఇవాళ ఐదో స్థానం. కారణం సూర్యప్రకాశ్. బ్యాంకులో కంప్యూటర్ ప్రోగ్రామరు, ముప్ఫై నిండలేదు. వాళ్ళ నాన్న విశాఖపట్నంలో డాక్‌యార్డ్‌లో పనిచేశాడట, బంగాళాఖాతం మొత్తం వీళ్ళింటి పెరడైనట్టు మాట్లాడతాడు. క్లబ్బులో తెలుగువాడు ఇంకొకడుంటే బాగుంటుందని నేనే చేర్పించాను. బాగానే ఉంది. రెండో మలుపు దగ్గర నేను పోర్ట్, అతను స్టార్‌బోర్డ్. నేను చూస్తూనే ఉన్నాను, తప్పుకోబోతున్నాను. ఈలోపల "స్టార్‌బోర్డ్" అని చెరువంతా వినబడేలా అరిచాడు. ఉలిక్కిపడి చుక్కాని అవతలికి తోశాను, పడవ గాలికి ఎదురై ఆగిపోయింది. నలుగురు మమ్మల్ని దాటిపోయారు. ఒడ్డున అందరూ నవ్వారు.

"మీరు చూడలేదుగా," అంది హైమ.

చూశాను.

మే 17

నేనేమీ అనలేదు. భోజనం దగ్గర హైమతో మామూలుగా అన్నాను: పదిహేడేళ్ళు చిన్నవాడు, అంతమంది అమెరికన్ల ముందు పెద్దవాణ్ణి పట్టుకుని పాలేరుని కేకేసినట్టు కేకేస్తాడా అని. అంతే. హైమ ఫోన్లో విద్యతో అందట. విద్య అతని భార్య, అతని పడవలో తాళ్ళు చూసేది ఆ అమ్మాయే. ఆడవాళ్ళ ఫోన్లకి నేను బాధ్యుణ్ణి కాను.

మే 22, ఆదివారం

వర్షం, రేసు లేదు. సాయంత్రం దంపతులిద్దరూ వచ్చారు, మైసూరుపాకు డబ్బాతో. విద్య చేసిందట. గొడ్డలితో కొట్టాలి.

"అన్నయ్యగారూ, మొన్న అలా అరిచేశాను, ఏమీ అనుకోకండి," అన్నాడు ప్రకాశ్ సోఫా అంచు మీద కూర్చుని. "అక్కడ వైజాగ్‌లో అలా అలవాటైపోయిందండీ. ఇక మీ మీద ఎప్పుడూ అరవను."

"అరవకపోయినా నాకు కనబడుతుందిలే," అన్నాను.

పెద్దమనిషి తరహాలోనే అన్నాను. అరవడం తప్పు కాదు, రేసులో అరుస్తారు, అరవమనే పుస్తకం చెబుతుంది. ఆ సంగతి నేను చెప్పలేదు. అతను అడగలేదు.

జూన్ 12

మొదటి స్థానం.

జూన్ 19

మళ్ళీ మొదటి స్థానం. ప్రకాశ్ రెండు. కుర్రాడికి చేయి ఉంది, గుండె లేదు. దగ్గరికి రాగానే జంకుతాడు. ఇవాళ రెండుసార్లు అతనికి హక్కుండి కూడా పక్కకి తిప్పుకుని నా వెనక నుంచి పోయాడు. డాక్‌యార్డ్ డాక్‌యార్డ్ అంటే ఇదేనా అనుకున్నాను.

జులై 4

తెలుగు అసోసియేషన్ పిక్నిక్. పులిహోర నాలుగు రకాలు, నాలుగూ ఒకటే రుచి. మీటింగు గంటన్నర. మైకు ముందు ఇద్దరు డాక్టర్లు "మీరు ముందు మాట్లాడండి" "కాదు మీరే" అని పావుగంట వంగి వంగి నిలబడ్డారు. చివరికి ఇద్దరూ ఒకేసారి మైకు పట్టుకున్నారు, అది కీచుమంది. వీళ్ళని చెరువులో వదిలితే ఒక్కడూ ఒడ్డుకు రాడు అని హైమతో అన్నాను.

జులై 17, ఆదివారం

రెండో స్థానం. ప్రకాశ్ మూడు.

డోరతీ కీన్ నన్ను పక్కకి పిలిచింది. డెబ్బై దాటిన మనిషి, రిటైరైన స్కూలు టీచరు. రేసులు నడిపేది, తగువులు తీర్చేది ఆవిడే. ఎండిన బెండకాయలా ఉంటుంది, అంత గట్టిగానూ ఉంటుంది. "క్రిస్," అంది. కృష్ణమూర్తి అనడం చేతకాక పెట్టిన పేరు. "ఆ అబ్బాయికి ఇవాళ మూడుసార్లు నీ మీద హక్కు ఉంది. మూడుసార్లూ నీకే దారిచ్చాడు. మిగతా ఎవరికీ ఇవ్వడు. ఎందుకలా?"

"ఎత్తుగడ అయివుంటుంది," అన్నాను.

"చెడ్డ ఎత్తుగడ," అంది. "ఏదో ఒకరోజు ఎవరికైనా దెబ్బ తగులుతుంది. హక్కున్నవాడు తిన్నగా పోతాడని నమ్మే కదా మనమంతా నీళ్ళ మీదకి వెళ్ళేది."

నాకు పాఠం చెబుతోంది. నాకు.

జులై 18

హైమ: "మీరు ఒక్క మాట చెప్పండి ఆ అబ్బాయికి, తప్పుకోవద్దని."

"ఎందుకు చెప్పాలి? రూల్ బుక్కు అతని దగ్గరా ఉంది."

హైమ గిన్నెలు గట్టిగా సర్దింది.

ఆగస్టు 14

మొదటి స్థానం. గాలి ఎక్కడ లేస్తుందో అతనికి ముందే ఎలా తెలుస్తుందో అర్థం కాదు. నాకు దారిచ్చి పోగొట్టుకున్నది మళ్ళీ సంపాదించుకుని రెండోవాడుగా వస్తాడు. మిగతా తొమ్మిదిమందికి అదీ చేతకాదు.

చేతనయినవాడు దారివ్వకపోతే ఏమవుతుందో అని ఇవాళ కాసేపు అనుకున్నాను. అనవసరం.

సెప్టెంబర్ 18, ఆదివారం

ఇక ఒక్క రేసు. మేమిద్దరం ఎదురుపడని రేసులు అతను గెలిచాడు, కాబట్టి పాయింట్లలో నేనూ ప్రకాశూ సమానం. వచ్చే ఆదివారం మా ఇద్దరిలో ఎవడు ముందొస్తే బోర్డు మీద వాడి పేరు.

బార్ దగ్గర ఎవడో, "క్రిస్‌కేమిటి, వాడి తమ్ముడు తలుపు తెరిచి పట్టుకుంటాడు," అన్నాడు. నాకు వినబడాలనే అన్నాడు. బీరు బుడ్డీలు. రూలేదో తెలియదు గాని ఎకసెక్కాలు తెలుసు.

వచ్చే ఆదివారం నాకు ఎవడి దారీ అక్కర్లేదు. నేను పోర్ట్‌లో ఉంటే నేనే తప్పుకుంటాను, పుస్తకంలో ఉన్నట్టు, డోరతీ కళ్ళ ముందు. అప్పుడు గెలుస్తాను.

సెప్టెంబర్ 25, ఆదివారం

ఢీకొన్నాం. తప్పు అతనిది. వెంటనే ఎర్రజెండా ఎగరేశాను, ఫిర్యాదు చెల్లుతుంది. హైమ కుడి మణికట్టు విరిగింది.

సెప్టెంబర్ 26

ఆఫీసుకి వెళ్ళలేదు. జరిగింది జరిగినట్టు రాసుకోవాలి, విచారణకి పనికొస్తుంది.

గాలి ఉత్తరం నుంచి. రెండో మలుపుకి ఇంకా వంద గజాలుంది, డోరతీ పడవ అక్కడే లంగరేసి ఉంది. నేను పోర్ట్, ఈశాన్యంగా పోతున్నాను. ప్రకాశ్ స్టార్‌బోర్డ్, వాయవ్యంగా వస్తున్నాడు. ఇలాగే పోతే గుద్దుకుంటాం. తప్పుకోవలసింది నేను. కుడికి తిప్పాను, అతని వెనక నుంచి పోవడానికి. చక్కగా, నాలుగు పడవల దూరం ఉండగానే తిప్పాను. అతను తిన్నగా పోయివుంటే మా మధ్య ఇంకో పడవ పట్టేది.

అతను తిన్నగా పోలేదు. నేను తిప్పిన క్షణంలోనే అతనూ ఎడమకి తిప్పాడు, నా వెనక నుంచి పోవడానికి. అతను నాకు దారిస్తున్నాడు, నేను అతనికి దారిస్తున్నాను. రెండు పడవలూ మూతులు ఎదురెదురుగా పెట్టుకున్నాయి.

"ఏవండీ, ఆ అబ్బాయి ఇటే తిరుగుతున్నాడు," అంది హైమ.

"తిరగడు," అన్నాను. "తిరగకూడదు."

అక్కడ ఒక సెకను పోయింది. రెండేమో. తరవాత అటూ ఇటూ తిప్పడానికి చోటు లేకపోయింది. హైమ చేయి అడ్డం పెట్టింది. రెండు పడవల మధ్య చేయి పెట్టకూడదని పుస్తకంలో ఉంది, నేను నాలుగుసార్లు చెప్పాను. ఎనిమిది వందల పౌన్ల పడవని చేత్తో ఆపుదామనుకుంది. నన్నేదో కాపాడబోయినట్టు.

శబ్దం పెద్దగా రాలేదు.

సెప్టెంబర్ 29

జడ వేయడం నాకు రాదని తేలింది. మూడు పాయలు తీస్తే నాలుగవుతున్నాయి. రోజూ విద్య వచ్చి వేసి వెళ్తోంది. ఆ అమ్మాయికి రెండో నెలట, వాంతులవుతున్నా వస్తోంది. ప్రకాశ్ కార్లోనే కూర్చుంటాడు, లోపలికి రాడు. రమ్మని నేను అనలేదు. ఫిర్యాదు నడుస్తున్నప్పుడు ఎదుటి పార్టీతో మాట్లాడటం పద్ధతి కాదు.

అక్టోబర్ 2, ఆదివారం

క్లబ్బు వంటింట్లో విచారణ. బల్ల మీద బొమ్మ పడవలు రెండు, గాలి ఎటుందో చెప్పడానికి ఒక చెంచా. డోరతీ, ఆవిడ పక్కన ఇద్దరు. ఒకడు ఎప్పటిలాగే ఆవలిస్తున్నాడు.

నేను పది నిమిషాలు మాట్లాడాను. రూలు నంబరుతో సహా. హక్కున్న పడవ దారి మార్చి, తప్పుకుంటున్న పడవకి అడ్డం రాకూడదు. బొమ్మలు జరిపి చూపించాను. ఆవలించేవాడు కూడా నోరు మూశాడు.

డోరతీ ప్రకాశ్‌ని అడిగింది: "నువ్వెందుకు తిప్పావు?"

ప్రకాశ్ బొమ్మ పడవ వంక చూస్తూ, "పొరపాటు పడ్డాను," అన్నాడు.

"సీజనంతా నేను చూస్తూనే ఉన్నాను. ఆయనొక్కడి దగ్గరే ఎందుకు పొరపాటు పడతావు?"

"పొరపాటేనండీ," అన్నాడు మళ్ళీ. నా పేరు ఎత్తలేదు. ఎత్తుతాడని సిద్ధమై వచ్చాను, జవాబు కూడా కాగితం మీద రాసుకున్నాను.

తరవాత సాక్షి. విద్య తాళ్ళ మీదకి వంగి ఉంది, ఏమీ చూడలేదట. నా పడవలో ఉన్న మనిషి కాబట్టి హైమే. చేతికి కట్టుతో, తెల్ల స్వెట్టరు భుజాన వేసుకుని కూర్చుంది. ప్రకాశ్ అరిచాడా అని అడిగింది డోరతీ.

"లేదు," అంది హైమ. "అతను మావారి మీద అరవడు. అరవద్దని చెప్పింది మేమే. మావారు పెద్దవారు కనక తప్పుకుంటాడు."

"అది మీలో రూలా?"

"రాసి ఉండదు," అంది. "కాని మా ఇళ్ళల్లో అంతే."

ఇంగ్లీషులో అంది, తడుముకోకుండా. పదిహేనేళ్ళుగా కిరాణా కొట్లో కూడా నన్నే ముందు మాట్లాడమని వెనక నిలబడే మనిషి.

డోరతీ కలం పెట్టి, "ఆ రూలు ఈ పుస్తకంలో లేదు," అంది. ఆవిడ గొంతులో విచారం ఉందనిపించింది, నాకెందుకులే. ప్రకాశ్ పడవని రేసులోంచి తీసేశారు. కాబట్టి నేనే. ఈ ఏటి విజేత.

బయటికొస్తుంటే డోరతీ అంది: "నువ్వు చెప్పింది రైటే, క్రిస్. అక్షరాలా రైటే." చేయి కలపలేదు.

ఇంటికి నలభై మైళ్ళు. హైమ కిటికీలోంచి మొక్కజొన్న చేలు చూస్తూ కూర్చుంది. అన్నీ కోసేసి ఉన్నాయి, చూడ్డానికేమీ లేదు.

అక్టోబర్ 3

"మేమే" అంది. మేము ఎవరు? నేను భోజనం దగ్గర ఒక మాట అన్నాను, అంతే.

అక్టోబర్ 6

ఇది రాయనవసరం లేదు. ఎవరూ అడగలేదు.

రెండు పడవలూ తగిలాక హైమ "అబ్బా" అని చేయి ఒళ్ళో పెట్టుకుంది. ప్రకాశ్ తన పడవలోంచి "వదినగారూ, వదినగారూ" అంటున్నాడు. నేను జేబులోంచి ఎర్రజెండా తీశాను. ముడి బిగుసుకుపోయి ఉంది, పళ్ళతో విప్పాను. తాడుకి కట్టాను, సరిగ్గా ఎగురుతోందో లేదో చూశాను. డోరతీ పడవ వైపు తిరిగి ప్రకాశ్ పడవ నంబరు చెప్పాను. అప్పుడు హైమ వైపు తిరిగాను.

వెంటనే ఎగరేయాలని రూలు.

నేను జెండా కడుతున్నంతసేపూ తను నన్నే చూస్తోంది. ఇవాళ పొద్దున కాఫీ ఇస్తే ఎడంచేత్తో అందుకుంది, అప్పుడూ అలాగే చూసింది. నాకు సిగ్గేసింది. రాశాను, ఇక చాలు.

అక్టోబర్ 29, శనివారం

బహుమతుల విందు. హైమ రాలేదు, చేయి నొప్పి అంది. కట్టు విప్పి నాలుగు రోజులైంది.

రబ్బరులాంటి చికెను. చప్పట్లు కొట్టారు, పక్కింటివాడి పిల్లి ఈనిందంటే కొట్టినట్టు. డోరతీ కప్పు చేతికిచ్చింది. ఈ పాయింట్లు వద్దనుకుంటే వదులుకోవచ్చని ఒక రూలుంది. నాకు తెలుసు, నాకు తెలియని రూలు లేదు. కప్పు తీసుకున్నాను.

నవంబర్ 20

ఎవరూ లేనప్పుడు వెళ్ళి బోర్డు చూసొచ్చాను. నా పేరు ఉంది, బంగారు రంగు ఇంకా వాసనేస్తోంది. పైన యాభై రెండుమంది. వీళ్ళలో ఎంతమంది ఎవరి మణికట్టు విరిచి ఎక్కారో అనుకున్నాను, ఓదార్పుగా ఉంటుందని. లేదు. అయిదు నిమిషాలు నిలబడ్డాను. హీటర్లు కట్టేసి ఉన్నాయి, కాళ్ళు కొంకర్లుపోయాయి.

1984 మార్చి 11

దోసెలు పోస్తూ హైమ అంది: "ఈ సమ్మర్ నేను ప్రకాశ్ పడవలో వెళ్తాను. విద్యకి నెలలు నిండుతున్నాయి కదా. అతనికి తోడెవరూ లేరు."

"నా పడవలోకి?"

"మీకు ఎవరైనా దొరుకుతారు. మీరు విజేత కదా."

వెటకారమా అని మొహం చూశాను. కాదు. దోసె తిరగేసింది. కుడిచేత్తోనే, కొంచెం మెల్లగా.

"ఆ మణికట్టుతో తాళ్ళు లాగుతావా?" అన్నాను.

"నొప్పిస్తే చెబుతాను. అతను వింటాడు."

మార్చి 12

ఇంటిపరువు అంటూ ఒకటి ఉంటుందని చెబుదామనుకున్నాను. ఎవరి పరువు అని అడుగుతుంది.

మే 13, ఆదివారం

మొదటి రేసు. నా పడవలోకి రిటైరైన పోస్ట్‌మాన్ ఒకడు దొరికాడు. మాట్లాడడు, వేరుశెనక్కాయలు తింటాడు. పొద్దున ఒకే కార్లో వెళ్ళాం. అక్కడ హైమ దిగి, నడుముకి చీర కొంగు చుట్టినట్టు లైఫ్ జాకెట్ బిగించుకుని, అటు వెళ్ళిపోయింది.

గాలి బాగుంది. మూడోవాడిగా ఉన్నాను. పోస్ట్‌మాన్ తొక్కలు పడవలో పోస్తుంటే విసుక్కుంటున్నాను. రెండో మలుపు దగ్గర నేను పోర్ట్.

"స్టార్‌బోర్డ్."

ప్రకాశ్ గొంతు కాదు. ఆ గొంతు నాకు తెలియదని ఒక క్షణం అనిపించింది. పొద్దున్నే లేచి మెల్లగా స్టవ్ వెలిగించే మనిషి, ఇరవై రెండేళ్ళలో ఒక్కసారి కూడా నన్ను పేరు పెట్టి పిలవని మనిషి. చెరువు అవతలి ఒడ్డున బాతులు లేచాయి.

నేను చూస్తూనే ఉన్నాను, తప్పుకోబోతున్నాను అని రాయబోయాను. చూడలేదు. నా తెరచాప అడ్డంగా ఉంది, తొక్కల గొడవలో ఉన్నాను. తను అరవకపోతే నేరుగా వాళ్ళ పొట్టలోకి గుద్దేవాణ్ణి. తను కూర్చున్న చోటే.

కుడికి తిప్పాను. ప్రకాశ్ తిప్పలేదు. తిప్పబోయాడేమో, అతని చేయి చుక్కాని మీద కదిలింది. హైమ చూపు తిప్పకుండానే ఎడంచేయి అతని చేతి మీద వేసి నొక్కింది. పడవ తిన్నగా పోయింది. నేను వాళ్ళ వెనక నుంచి వెళ్ళాను, గజం దూరంలో. ఇద్దరూ తడిసి ఉన్నారు. తను నా వైపు చూడలేదు. చూడాల్సిన పని లేదు.

వాళ్ళు మొదటి స్థానం. నేను ఏడు.

తిరిగొస్తుంటే కార్లో ఇరవై మైళ్ళు వచ్చాం. తరవాత అడిగాను.

"అంత గట్టిగా అరవాలా?"

"వినబడాలి కదండీ," అంది.

వినబడింది.